చాయ్ తాగని కనకరాజు

నాచారంలో కనకరాజు ఇల్లెక్కడని అడిగితే ఏ కనకరాజు అని ఎదురు అడుగుతారు. స్కాలర్‌షిప్పుల కనకరాజు అంటే మాత్రం మిర్చీబండి అతను కూడా చేతిలో గరిటె వదలకుండానే దారి చూపిస్తాడు. చూపించే హక్కు అతనికి ఉంది కూడా. ఎందుకంటే ఈ పిచ్చి కనకరాజుకు అంటుకున్నది ఆ బండి దగ్గరే. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూ అక్కడ ఆగి మిర్చీలు తిన్నాడు. చేతికంటిన నూనె తుడుచుకుందామని పొట్లం కాగితం విప్పితే అందులో ఒక ప్రకటన కనిపించింది. ఇంటర్లో మంచి మార్కులొచ్చిన పేదపిల్లల పైచదువు ఖర్చంతా భరిస్తామని ఎవరో పుణ్యాత్ములు వేయించారు. గడువు అప్పటికే దాటిపోయింది. "గింత మంచి ముచ్చట మిర్చీ పొట్లంల కలిసిపోతదా!" అని కనకరాజు నడిరోడ్డు మీద అరిచాడు. బండి అతను తన మిర్చీలో బల్లి గిల్లి పడిందేమోనని హడలిపోయాడు.

అసలు కనకరాజు పెద్ద చదువుకున్నవాడూ కాడు, పెద్ద ఉద్యోగీ కాడు. జనగామ దిక్కు నుంచి పనికోసం వచ్చి, మాత్రలు తయారుచేసే కంపెనీలో చేరి, కిందామీదా పడి ప్యాకింగ్ లైను ఇన్‌చార్జి అయ్యాడు. ఆయనకున్న గొప్పల్లా ఒక్కటే. తన లైను మీద బెల్టు ఆగదు. అట్టపెట్టెలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉండాలి, చేతులు ఆడుతూనే ఉండాలి. ఎవరైనా ముచ్చట్లు మొదలుపెట్టి చెయ్యి ఆపారో, ఆ రోజు కనకరాజు నోటికి వాళ్ళు బలైపోయినట్టే.

ఆదివారం పూట ఆ నోరు ఇంటి ముందుకు వస్తుంది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటే మార్కుల మెమోలు పట్టుకుని పిల్లలు వస్తారు. మేడిపల్లి నుంచి, అన్నోజిగూడ నుంచి కూడా వస్తారు. ఏ ట్రస్టు ఎన్ని మార్కులకు ఇస్తుంది, ఎప్పుడు పరీక్ష పెడుతుంది, ఏమేం అడుగుతుంది అని ఫోన్లో వెతికి, ఎవరికి ఏది సరిపోతుందో చూసిపెడతాడు. ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఒక పేరు ఉంటే మాత్రం తల్లిదండ్రులకు మూడినట్టే. "బిడ్డకు తొంభై శాతం మార్కులు తెచ్చుకొనుడు వచ్చింది, నీకు పేరు రాయించుడు రాలె!" అని పదిమందిలో దులిపేస్తాడు. అలా తిట్లు తిన్నవాళ్ళే వచ్చే ఆదివారం ఇంకొకరిని వెంటబెట్టుకొస్తారు. తిట్టేవాడు పనిచేసిపెడతాడని జనానికి ఒక నమ్మకం.

ఎవరి దగ్గరా పైసా ముట్టడు. ఆ మాటకొస్తే, పిల్లకో పిల్లాడికో స్కాలర్‌షిప్ ఖాయమయ్యేదాకా ఆ ఇంట్లో చాయ్ కూడా తాగడు. ఈ పట్టింపు చూసి భార్య సూర్యకళకు ఒళ్ళు మండుతుంది. "నువ్వు చాయ్ మానేస్తె ఆళ్ళకు పైసలొస్తయా? గట్లయితె నేను రేపటి నుంచి అన్నం మానేస్త, నీకు ప్రమోషన్ వస్తదేమో సూద్దాం" అంటుంది.

ఆమెకు తెలియంది కాదు. ఆ పట్టింపు కొమురెల్లి కొడుకుతో మొదలైంది. కిందటి ఏడు ఆ పిల్లాడు పరీక్ష గట్టెక్కాడు, ఇంటర్వ్యూ గట్టెక్కాడు. ఇక వచ్చినట్టేనని కొమురెల్లి ఇంట్లో అందరూ కూర్చుని చాయ్ తాగారు, కనకరాజు రెండోసారి పోయించుకుని మరీ తాగాడు. తర్వాత ట్రస్టువాళ్ళు ఇల్లు చూడటానికి వచ్చి ఫోటోలు తీసుకున్నారు. కొమురెల్లి డ్రైవరు. ఆ పొద్దు యజమాని కారు ఇంటి ముందే పెట్టుకుని కడుగుతున్నాడు. ఫోటోలో ఇల్లూ పడింది, కారూ పడింది. కారున్నవాళ్ళకు సాయమెందుకని అక్కడెవరో పేరు కొట్టేశారు. ఎన్ని ఫోన్లు చేసినా లాభం లేకపోయింది. ఆ పిల్లాడు ఇప్పుడు ఇనుప సామాన్లకు పాలిష్ పట్టే షెడ్డులో పనిచేస్తున్నాడు. దారిలో కనబడితే ఇప్పటికీ "నమస్తే అంకుల్" అంటాడు. ఆ నమస్తే విన్నరోజు కనకరాజుకు అన్నం సయించదు.

ఈసారి ఉప్పలమ్మ బిడ్డ వంతు. ఉప్పలమ్మ కనకరాజు లైను మీదే కాంట్రాక్టు పని చేస్తుంది. మాట తక్కువ, చెయ్యి చురుకు. భర్త బాలరాజు ఉప్పల్లో ఒక ట్రాన్స్‌పోర్టు గోదాములో హమాలీ. ఫలితాలు వచ్చిన మర్నాడు ఉప్పలమ్మ షిఫ్టు అయిపోయాక గేటు దగ్గర నిలబడి, "అన్నా, మా సంతోషికి మస్తు మార్కులొచ్చినయంటున్రు, జర సూస్తవా?" అని మెమో చేతిలో పెట్టింది. వెయ్యికి తొమ్మిది వందల ఎనభై ఒకటి. కనకరాజుకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. పేరు కూడా అన్నిచోట్లా సరిగ్గానే ఉంది.

పిల్లకు వరంగల్లులో ఇంజనీరింగ్ సీటు వచ్చేలా ఉంది. సర్కారు కొంత ఫీజు కడుతుంది. మిగతా ఫీజు, హాస్టలు, మెస్సు, కంప్యూటరు ఎవరు కట్టాలి? ఇంట్లో ఇద్దరు రెక్కలాడిస్తే పొయ్యి వెలుగుతోంది, అంతే. లేబర్ కాంట్రాక్టరు అప్పుడే కన్నేశాడు. "ఇంటర్ అయిపోయింది గద, బిడ్డను గూడ లైన్ల పెట్టు ఉప్పలమ్మా, ఇద్దరి జీతం వస్తది" అని రెండుసార్లు అన్నాడు. ఉప్పలమ్మ అవుననలేదు, కాదనలేదు. కనకరాజు మాత్రం ఆ మాట విని ఫోను పట్టుకుని కూర్చున్నాడు. నాలుగేళ్ళ ఖర్చంతా ఇచ్చే ట్రస్టు ఒకటి దొరికింది. సంతోషి దానికి పరీక్ష రాసింది, ఫోన్లో ఇంటర్వ్యూ ఇచ్చింది, రెండూ దాటింది. ఇక ఇల్లు చూడటం ఒక్కటే మిగిలింది.

ముందురోజు కనకరాజు ఉప్పలమ్మను పక్కకు పిలిచి అన్నీ చెప్పాడు. ఇంటిముందు ఎవరి బండీ ఉండకూడదన్నాడు. బాలరాజు పనికి పోకూడదన్నాడు, చుక్క వేసుకోకూడదన్నాడు. చివర్లో, మనలో ఎవరైనా అనే మాటే, అలవాటుగా అనేశాడు: "పెద్దసారు వస్తుండు. ఇల్లు జర మంచిగ పెట్టుండ్రి."

వచ్చేది సత్యనారాయణమూర్తి గారు. కోస్తా వైపు మనిషి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై ఉప్పల్లో ఉంటున్నారు. ట్రస్టు తరఫున ఇళ్ళు చూసి రావడం ఆయన పని. సాయంత్రం నాచారం చౌరస్తాలో ఆయన్ని బండి మీద ఎక్కించుకున్నాడు కనకరాజు. దారి పొడుగునా పిల్ల తెలివిని పొగిడాడు. మూర్తి గారు ఊ కొట్టి, "నేను చూసిందాన్నిబట్టి కాదండీ, ఈ ఫోన్ చూసిందాన్నిబట్టే నడుస్తుంది. తీసిన ఫోటో తీసినట్టు వెళ్ళిపోతుంది. నేనైనా సరే, వెనక్కి తీసుకోలేను" అన్నారు.  కనకరాజుకు కొమురెల్లి ఇంటి ముందు కారు కళ్ళముందు మెదిలింది.

సందు మలుపు తిరగగానే ఇంటి ముందుకే చూశాడు. బండీ లేదు, గిండీ లేదు. అలికి ముగ్గు పెట్టి ఉంది. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని, చెప్పులు విడిచి, సారు వెనకాల లోపలికి అడుగుపెట్టాడు. అంతే, అక్కడే నిలబడిపోయాడు.

ఉన్నది ఒక్కటే రేకుల గది. అందులో సగం మేర ముదురు ఎరుపు సోఫా పరుచుకుని ఉంది. గోడకు ఆనించి ఒక పెద్ద టీవీ. మూలన ఫ్రిజ్జు. ఆ మూలలో ప్లగ్గు పెట్టే చోటే లేదు కాబట్టి, దాని వైరు చుట్టి నెత్తిమీద పెట్టారు. ఉప్పలమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. కంపెనీలో గాజులు నిషిద్ధం కనుక ఎప్పుడూ బోడిగా ఉండే చేతులకు ఈ రోజు నిండా గాజులు. మెడలో ఇంత పొడుగు గొలుసు. ఇల్లు పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టుంది.

"కూసోండ్రి సారూ" అని సోఫా చూపించింది ఉప్పలమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది.

మూర్తి గారు కూర్చోలేదు. ముందు ఫోన్ తీశారు. టిక్కుమంది. సోఫా ఫోన్లోకి పోయింది. టిక్కుమంది. టీవీ పోయింది. ఇంకోసారి టిక్కుమంటే గొలుసుతో సహా ఉప్పలమ్మ, పక్కన బాలరాజు, నడుమ తలవంచుకున్న సంతోషి పోయారు.  కనకరాజుకు ఆ ఫోన్ లాక్కుని బయటికి విసిరేయాలనిపించింది. సారు అప్పుడు సోఫాలో కూర్చుని సంతోషితో మాటలు మొదలుపెట్టారు. కనకరాజు మంచినీళ్ళ నెపం మీద ఉప్పలమ్మను వెనకవైపు బట్టలుతికే బండ దగ్గరికి లాక్కుపోయాడు.

"ఇదంత ఎక్కడిది?" అన్నాడు పళ్ళ బిగువున.

"సోఫా, గొలుసు పక్కింటి కమలకుమారక్కయి. టీవీ మూలమీది ఇంటోళ్ళది. ఫ్రిజ్జు కిరాణం చంద్రయ్యది. మా ఆయన మోసుకొచ్చిండు" అంది ఆమె. గొంతు తగ్గించి, "మంచిగున్నదా అన్నా?" అని అడిగింది.

"మంచిగున్నదా? కొంప ముంచినవ్!"

"నువ్వే గద చెప్పినవ్, పెద్దసారు వస్తుండు, ఇల్లు మంచిగ పెట్టుమని."

 నిజమే. కనకరాజు బండి గురించి చెప్పాడు గానీ గది గురించి చెప్పాలని తనకు తట్టలేదు. పైగా తన నోటితోనే ఈ మాట అన్నాడు. ఆమె ఇంకేం చేస్తుంది? చేతులారా తనే చేసుకున్నాడు. తమాయించుకుని కొమురెల్లి కొడుకు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఈ ఫోటోలు చూసినవాళ్ళు ఈ ఇంటికి సాయమెందుకంటారని చెప్పాడు. ఆమె ముఖంలో వెలుగంతా పోయింది.

"అంటె ఏంది? మాకేం లేదని సూపియ్యాల్నా?"

"సూపియ్యాలె."

"మేం అడుక్కుంటున్నమా అన్నా? నా బిడ్డ చదివింది, మార్కులు తెచ్చుకుంది. గా మార్కులు సూసి ఇయ్యరా? నా ఇంట్ల చాప సూసి ఇస్తరా?"

ఇన్నేళ్ళలో ఇంతమంది పిల్లలకు దారి చూపించాడు గానీ ఈ ప్రశ్న ఎవరూ కనకరాజును అడగలేదు.  ఆమె కళ్ళల్లోకి చూడలేక, "నేను పోయి సారుకు చెప్త" అని కదిలాడు.

"వద్దు. నా ఇంట్ల ఏం లేదని నువ్వు చెప్పకు" అందామె. ఆ మాటతో అతని కాళ్ళు ఆగిపోయాయి.

లోపల మూర్తి గారి గొంతు వినిపిస్తోంది. "టీవీ బావుందండీ. ఎంతలో తీసుకున్నారు?"

బాలరాజుకు అబద్ధం చెప్పడం చేతకాదు. హమాలీ కదా, ఏ వస్తువునైనా బరువుతోనే గుర్తుపెట్టుకుంటాడు. "బరువేం లేదు సారూ, ఒక్కన్నే తెచ్చిన" అన్నాడు.

"మరి ఫ్రిజ్జు?"

"దానికైతె ఇద్దరం పట్టినం."

వెనక నిలబడ్డ కనకరాజుకు ఇంతసేపూ ఉన్నవాళ్ళనుకుంటారనే భయం. ఇప్పుడు అబద్ధాలకోరులనుకుంటారు. ఉన్నవాళ్ళయితే ఒక్క ఈ ట్రస్టే పోతుంది, అబద్ధాలకోరులని ముద్ర పడితే సంతోషి పేరు ఇంకెక్కడా నిలవదు. "ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?" అని సారు నెమ్మదిగా అడిగారు. బాలరాజు నేల చూశాడు. సంతోషి లేచి నిలబడి, "సార్, అది..." అని ఆగిపోయింది.

అప్పుడు ఉప్పలమ్మ లోపలికి వెళ్ళింది. మెడలోని గొలుసు తీసి కూతురి చేతిలో పెట్టి, "పో, కమలకుమారత్తకు ఇచ్చి రా" అంది. సారు ముందు నిలబడింది.

"సారూ, జర లేస్తరా?"

"ఎందుకమ్మా?"

"గా సోఫా మాది గాదు. మీ అసొంటి పెద్దమనిషి మా ఇంటికి మొదటిసారి వస్తుండు, కింద కూసోబెట్టుడెట్ల అని తెచ్చినం. టీవీ మాది గాదు, ఫ్రిజ్జు మాది గాదు. మిమ్ముల మోసం జేద్దామని మాత్రం తేలేదు సారూ."  ఆమె కళ్ళు దించలేదు.

మూర్తి గారు లేచి నిలబడ్డారు.  

ఉప్పలమ్మ మొగుడికి సైగ చేసింది. బాలరాజు వంగి సోఫాను నడుముకు ఎత్తుకున్నాడు. గొలుసు అందుకున్న కమలకుమారి పరిగెత్తుకొచ్చి, "అదేంటి ఉప్పలమ్మా, రాత్రిదాకా ఉంచుకోమన్నానుగా!" అంది. "సాలు అక్కా" అంది ఉప్పలమ్మ. సోఫా గుమ్మంలో ఇరుక్కుంది. కనకరాజు వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. మోస్తూ వెనక్కి తిరిగి చూస్తే మూర్తి గారు ఫోన్ పైకెత్తి ఉన్నారు. టిక్కుమంది.

తర్వాత టీవీ పక్కకు తీశారు. దాని వెనక గోడంతా తెల్లకాగితాలు. సంతోషి రెండేళ్ళుగా లెక్కల సూత్రాలు రాసి, అన్నం మెతుకులతో అతికించుకున్నవి. పిచ్చికాగితాలు సారుకు కనబడితే బాగుండదని తల్లే టీవీని సరిగ్గా వాటికి అడ్డం పెట్టించింది. మూర్తి గారు ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడి చదివారు. దాన్నీ ఫోటో తీశారు.

చాప పరిచారు. సారు మోకాళ్ళు పట్టుకుని కష్టంగా కింద కూర్చుని, "టీ ఇస్తారా అమ్మా?" అని అడిగి తాగారు. ఉప్పలమ్మ ఇంకో గ్లాసు కనకరాజు ముందు పెట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"సారంతటి సారే తాగిండు, నువ్వు తాగవా?"

"ఖాయమైనంక."

ఆమె ఆ గ్లాసు తీసి చాయ్‌ని మళ్ళీ గిన్నెలో పోసేసింది. నొచ్చుకున్నదని కనకరాజుకు తెలుస్తూనే ఉంది. అయినా తాగలేకపోయాడు. తాగితే ఈ పిల్ల కూడా షెడ్డు పాలవుతుందేమోనని లోపల పీకుతోంది.

వెళ్ళేముందు మూర్తి గారు గుమ్మంలో ఆగారు. "మొదటి ఫోటోలు వెళ్ళిపోయాయమ్మా, అవి ఆపలేను. ఈ ఫోటోలూ వెళ్తాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మేదీ మానేదీ అక్కడివాళ్ళ చేతిలో ఉంది" అన్నారు. తిరిగి వస్తుంటే బండి మీద ఆయనే అడిగారు: "మీరు వాళ్ళకి ముందే చెప్పలేదా కనకరాజు గారూ?" "ఇల్లు మంచిగ పెట్టుమని నేనే చెప్పిన సార్" అన్నాడు కనకరాజు. 

ఆ తర్వాతి రోజులు కనకరాజుకు నరకం. చిన్న శబ్దమైనా ఫోన్ తీసి చూసేవాడు. ఆదివారం వచ్చిన పిల్లల్ని తిట్టడం కూడా మరిచిపోయాడు. సూర్యకళ భయపడి బీపీ చూపించుకొమ్మంది. కాలేజీలో చేరే గడువు దగ్గరపడింది. లైను మీద ఉప్పలమ్మ ఎదురుగానే ఉంటుంది, ఏమీ అడగదు. ఒకరోజు కాంట్రాక్టరు వచ్చి, "ఒకటో తారీఖు నుంచి బిడ్డను తోలు, టోపీ గౌను రెడీగ పెట్టిన" అన్నాడు. ఆమె తలూపింది. ఆ తలూపడం కనకరాజు చూశాడు. ఆ పూట లైను మీద ఎవరి మీదా అరవలేదు.

ఫోన్లు లోపలికి తేకూడదని కంపెనీ నియమం. అందరూ బయట లాకర్లో పెట్టి, గౌను వేసుకుని, మాస్కు కట్టుకుని లోపలికి పోవాలి. నెలాఖరున అన్నం వేళకు కనకరాజు లాకరు తెరిచి ఫోన్ చూశాడు. ట్రస్టు నుంచి మెసేజ్ ఉంది. చదివాడు. నమ్మకం కుదరక మళ్ళీ చదివాడు. అన్నం డబ్బా మూత తీయకుండానే లాకర్లో పడేసి, టోపీ వంకరగా పెట్టుకుని లోపలికి నడిచాడు.

మొదటి విడత అన్నానికి పోయినవాళ్ళు తిరిగొచ్చి పనిలో ఉన్నారు. బెల్టు నడుస్తోంది. ఉప్పలమ్మ ముఖానికి మాస్కు, తలకు టోపీ. కళ్ళు ఒక్కటే కనబడుతున్నాయి. లైను మీద ముచ్చట పెట్టకూడదని ఊరంతటికీ చెప్పేవాడు వెళ్ళి ఆమె పక్కన నిలబడి, అట్టపెట్టెలు సరిచూస్తున్నట్టు వంగాడు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఉప్పలమ్మా, పొద్దుగూకినంక ఇంటికాడ ఉంటవా?"

"ఉంట. ఏమన్నా?"

"చాయ్ తాగనికొస్త."

ఆమె చేతులు ఆగిపోయాయి. మాస్కు పైన కళ్ళు అతనికేసి చూశాయి, చూస్తుండగానే నిండిపోయాయి. బెల్టు మీద అట్టపెట్టెలు మూత పడకుండానే ముందుకుపోయి, కొసన ఒకదానిమీద ఒకటి కింద పడుతున్నాయి. అవతలి అమ్మాయి భయపడి, ఇప్పుడు పడతాయి తిట్లు అన్నట్టు కనకరాజు వైపు చూసింది. కనకరాజు తిట్టలేదు. తనే వెళ్ళి ఎర్ర బటన్ నొక్కి బెల్టు ఆపాడు.